నెలనెలా మెంటల్ హెల్త్ డేటా ఫైల్: చేత్తో నింపాలా, సప్లయర్‌కి వదలాలా, సొంతంగా కట్టుకోవాలా?

ఇంగ్లండ్‌లో మెంటల్ హెల్త్ ట్రస్ట్‌లోనో (మానసిక వైద్యం అందించే ప్రభుత్వ సంస్థ), చిన్న ప్రైవేట్ హాస్పిటల్‌లోనో డేటా ఉద్యోగంలో చేరిన మనవాళ్ళు నన్ను తరచూ అడిగేది ఒకటే. "ఎమ్‌హెచ్‌ఎస్‌డీఎస్ సబ్మిషన్ నా మీద పడిందండీ. ముందు చేసినాయన వెళ్ళిపోయాడు. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో నింపమంటారా, సాఫ్ట్‌వేర్ వాళ్ళనే ఇమ్మంటే సరిపోతుందా, నేనే ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ కోడ్) రాసుకోవాలా?"

ఈ మూడు పద్ధతుల్లోనూ నేను పని చేశాను. ఏది ఎవరికి నప్పుతుందో, ఏది ఎక్కడ దెబ్బ తీస్తుందో చూశాను. ఇప్పుడు ఈ పని మీ చేతికొచ్చి, ఏ దారిన వెళ్ళాలో తేలక టెన్షన్ పడుతుంటే ఇది మీకోసమే.

ముందు విషయం ఏమిటో క్లుప్తంగా చెప్తాను. ఎమ్‌హెచ్‌ఎస్‌డీఎస్ అంటే మెంటల్ హెల్త్ సర్వీసెస్ డేటా సెట్. 2016 జనవరిలో మొదలైంది. ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) డబ్బుతో నడిచే మానసిక వైద్యం, లెర్నింగ్ డిసెబిలిటీ, ఆటిజం సేవల వివరాలను పేషెంట్ల వారీగా ప్రతి నెలా పంపాలి. ట్రస్ట్ అయినా, ఎన్‌హెచ్‌ఎస్ పంపిన పేషెంట్లను చూసే ప్రైవేట్ హాస్పిటల్ అయినా ఇది తప్పనిసరి. టాకింగ్ థెరపీస్‌కి వేరే డేటా సెట్ ఉంది, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు. ఫైల్ అప్‌లోడ్ చేసే చోటు ఎస్‌డీసీఎస్ క్లౌడ్. నడిపేది ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్. 2023 ఫిబ్రవరి 1న ఎన్‌హెచ్‌ఎస్ డిజిటల్ అందులో కలిసిపోయింది కాబట్టి పాత డాక్యుమెంట్లలో ఆ పేరు కనబడితే కంగారు పడకండి.

ఇండియాలో ఆరోగ్య శాఖ లెక్కల సిస్టమ్ హెచ్‌ఎమ్‌ఐఎస్‌లో పని చేసి వచ్చినవాళ్ళకి ఒక తేడా మొదట్లోనే తెలియాలి. అక్కడ ఒక ఆస్పత్రికి నెలలో ఓపీకి ఎంతమంది వచ్చారు అన్నది ఒక్క అంకెగా వెళ్తుంది. ఇక్కడ ఒక్కో మనిషి ఒక్కో వరస. అంకె కొంచెం తప్పితే లెక్క కొంచెం తప్పుతుంది. వరస రిజెక్ట్ అయితే మాత్రం ఒక మనిషి మొత్తంగా లెక్కలోంచి పోతాడు.

ఇది ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. మెంటల్ హెల్త్ యాక్ట్ కింద ఏటా ఎంతమందిని నిర్బంధంగా ఆస్పత్రిలో ఉంచారు అన్న లెక్క 2015-16 దాకా కేపీ90 అనే పాత పద్ధతిలో వచ్చేది. ఆ ఏడాది అంకె 63,622. మరుసటి ఏడాది నుంచి ఎమ్‌హెచ్‌ఎస్‌డీఎస్ ఆధారంగా లెక్క కట్టారు. 2016-17 అంకె 45,864. నిర్బంధాలు అంత తగ్గాయా? లేదు. లెక్కించే పద్ధతి మారింది, పైగా పంపాల్సిన సంస్థల్లో కొన్ని డేటా పంపనే లేదు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదని, అసలు సంఖ్య ఇంకా ఎక్కువే ఉంటుందని ప్రచురించినవాళ్ళే రాయాల్సి వచ్చింది. తన ఇష్టం లేకుండా తలుపు వేసిన వార్డులో ఉన్న మనిషి కనీసం లెక్కలోనైనా ఉండాలి. ఈ పనిని నేను అంత పట్టించుకునేది అందుకే.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

చాలామంది మొదట ధర చూస్తారు. ఆ తర్వాత ఏ టూల్ అని చూస్తారు. నేనైతే రెండు ప్రశ్నలు ముందు పెడతాను. తప్పు జరిగితే ఎన్ని రోజులకి మీ కంటపడుతుంది? పడ్డాక, దాన్ని మొదట టైప్ చేసిన నర్సు దగ్గరికో, వార్డ్ క్లర్క్ దగ్గరికో ఎంత తేలిగ్గా వెళ్ళగలరు? ఈ రెండింటికీ మంచి జవాబున్న పద్ధతి పాతదైనా, చూడ్డానికి మోటుగా ఉన్నా, మీకు అదే మంచిది.

వీటి తర్వాత సైజు. నెలకి 25 మంది ఇన్‌పేషెంట్లున్న హాస్పిటల్ వేరు, కమ్యూనిటీ టీములు, క్రైసిస్ టీము, పిల్లల సర్వీసు కలిపి వేలమందిని చూసే ట్రస్ట్ వేరు. ఆ తర్వాత వెర్షన్ మార్పులు. వెర్షన్ 5 2021 అక్టోబర్ నుంచి, వెర్షన్ 6 2024 ఏప్రిల్ నుంచి వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ టేబుళ్ళు, కోడ్‌లు మారతాయి. ఆ మార్పు చేసే బాధ్యత ఎవరిది అన్నది ముందే తేలాలి. చివరిగా, ఆ పని తెలిసిన ఒక్కరూ నెల రోజులు సెలవు పెట్టి ఊరెళ్తే ఫైల్ వెళ్తుందా లేదా?

వాలిడేషన్‌లో ఏం జరుగుతుందో తెలియకుండా ఎంచుకోవద్దు

ఏ దారిన తయారు చేసినా ఫైల్ చివరికి ఒకే గేటు దాటాలి: అప్‌లోడ్ చేశాక ఎస్‌డీసీఎస్‌లో జరిగే తనిఖీ, అదే వాలిడేషన్. ఆ గేటు దగ్గర మూడు రకాల దెబ్బలుంటాయి.

మొదటిది ఫైల్ మొత్తం రిజెక్ట్ కావడం. ఇది ఎక్కువగా హెడర్ దగ్గర. 000 టేబుల్‌లో ఒకే ఒక్క వరస ఉంటుంది: డేటా సెట్ వెర్షన్, సంస్థ కోడ్, ఎవరు పంపుతున్నారో ఆ సంస్థ కోడ్, రిపోర్టింగ్ నెల మొదటి తేదీ, చివరి తేదీ, ఫైల్ తయారైన సమయం. పోయిన నెల ఫైల్‌ని కాపీ చేసి తేదీ మార్చడం మర్చిపోతే అంతా వెనక్కి వస్తుంది. బాధగానే ఉంటుంది కానీ ఇది మంచి తప్పు. వెంటనే తెలుస్తుంది, వెంటనే సరిచేయొచ్చు.

రెండోది కొన్ని వరసలు రిజెక్ట్ కావడం. ఇక్కడే ఎక్కువ నష్టం. టేబుళ్ళు ఒకదానికొకటి గొలుసులా వేలాడుతుంటాయి. 001లో పేషెంట్. ఆ పేషెంట్ మీద ఆధారపడి 101లో రెఫరల్ (సర్వీసుకి పంపిన నమోదు). రెఫరల్ ఐడీ పట్టుకుని 201లో కేర్ కాంటాక్ట్ (పేషెంట్‌ని కలిసిన ప్రతిసారీ), దాన్ని పట్టుకుని 202లో కేర్ యాక్టివిటీ (అప్పుడు చేసిన పని). ఇన్‌పేషెంట్ అయితే 501లో హాస్పిటల్ స్పెల్ (ఆస్పత్రిలో ఉన్న మొత్తం కాలం), 502లో వార్డ్ స్టే (ఒక్కో వార్డ్‌లో ఉన్న కాలం). పైన 001లో ఒక్క వరస పోతే ఆ మనిషికి సంబంధించిన కిందివన్నీ దాంతోపాటే పోతాయి. "రిజెక్ట్ అయినవి నాలుగే కదా" అనుకుంటాం. ఆ నాలుగూ 001లోవైతే, నలుగురు మనుషులూ, వాళ్ళకి జరిగిన నెల రోజుల వైద్యమూ పోయినట్టు.

మూడోది వార్నింగ్. ఫైల్ వెళ్ళిపోతుంది, వరస కూడా వెళ్ళిపోతుంది, తప్పు లోపల ఉండిపోతుంది. చాలాచోట్ల వీటిని ఎవరూ చదవరు. తర్వాత డేటా క్వాలిటీ స్కోరు పడిపోయినప్పుడు మీటింగ్‌లో అందరూ మీ వైపు చూస్తారు.

గేటు దాకా పోకుండా మన దగ్గరే పట్టుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్రతి పేషెంట్‌కీ ఉండే ఎన్‌హెచ్‌ఎస్ నంబర్ చూడండి. పది అంకెలు, చివరిది చెక్ డిజిట్. టెస్టింగ్ కోసం వాడే 999తో మొదలయ్యే నంబర్ ఒకటి తీసుకుందాం: 9990000018. మొదటి తొమ్మిది అంకెలను వరసగా 10, 9, 8 అలా 2 దాకా గుణించాలి. 90, 81, 72, మధ్యలో అన్నీ సున్నాలు, చివర 1 ఇంటు 2. మొత్తం 245. దాన్ని 11తో భాగిస్తే శేషం 3. 11 లోంచి 3 తీస్తే 8. పదో అంకె 8 కాబట్టి నంబర్ సరైనదే. తీసివేత 11 వస్తే చెక్ డిజిట్ 0 అని, 10 వస్తే అది చెల్లని నంబర్ అని అర్థం. ఎక్సెల్‌లో ఒక కాలమ్‌లో రాసుకోవచ్చు, ఎస్‌క్యూఎల్‌లో పది లైన్లు. రెండు అంకెలు అటూ ఇటూ తారుమారైతే ఇది పట్టేస్తుంది.

మొదటి దారి: యాక్సెస్‌లో చేత్తో నింపడం

ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ ఖాళీ టేబుళ్ళతో ఒక యాక్సెస్ డేటాబేస్ ఇస్తుంది. దాన్ని ఐడీబీ అంటారు. అందులో డేటా నింపి అప్‌లోడ్ చేయడమే.

పెద్ద ట్రస్ట్ వాళ్ళు దీన్ని చిన్నచూపు చూస్తారు. నాకు మాత్రం దీనిమీద గౌరవం ఉంది. చిన్న హాస్పిటల్‌లో పని చేసినప్పుడు నెలలో ప్రతి పేషెంట్ వరసా నా కళ్ళముందు నుంచి పోయేది. ఎవరు ఎప్పుడు వచ్చారు, మెంటల్ హెల్త్ యాక్ట్‌లో ఏ సెక్షన్ కింద ఉన్నారు, అన్నీ తెలిసేవి. అనుమానం వస్తే లేచి రెండు తలుపులు దాటి వార్డ్‌కి వెళ్ళి అడిగేదాన్ని. నేను మొదట పెట్టమన్న రెండు ప్రశ్నలకీ ఇంతకంటే మంచి జవాబు ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేదు.

కానీ చెయ్యి జారడం కూడా ఇక్కడే ఎక్కువ. ఒక నెల వార్డ్ వాళ్ళిచ్చిన ఎక్సెల్ షీట్‌లోంచి లీగల్ స్టేటస్ కాలమ్ తెచ్చి యాక్సెస్‌లో పేస్ట్ చేశాను. కోడ్‌లు 01 అంటే ఇన్‌ఫార్మల్ (తన ఇష్టంతో ఉన్నవాళ్ళు), 02 అంటే సెక్షన్ 2, 03 అంటే సెక్షన్ 3. ఎక్సెల్ వాటిని అంకెలనుకుని ముందున్న సున్నా మింగేసింది. 2, 3 అని వెళ్ళాయి. ఆ నెల మా దగ్గర నిర్బంధంలో ఉన్నది 11 మంది. 11 వరసలకీ చెల్లని కోడ్ అని వచ్చింది. డెడ్‌లైన్‌కి ముందే చూసుకోబట్టి సరిపోయింది. అప్పటినుంచి కోడ్ కాలమ్‌లన్నీ ముందు టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మార్చాకే పేస్ట్ చేస్తాను. మీరూ అలాగే చేయండి.

ఇంకో ఇబ్బంది, ఓపెన్‌గా ఉన్న రెఫరల్ ప్రతి నెలా మళ్ళీ వెళ్ళాలి. ఈ నెల కొత్తగా ఏమీ జరగలేదని వదిలేయకూడదు. డిశ్చార్జ్ తేదీ లేకుండా ఒక రెఫరల్ ఫైల్‌లోంచి మాయమైతే, ఆ మనిషి ఇంకా సర్వీసులో ఉన్నాడో లేడో చదివేవాళ్ళకి తెలియదు. చేత్తో నింపేటప్పుడు ఇది మర్చిపోవడం చాలా తేలిక. పోయిన నెల జాబితాని పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే టిక్ చేసుకోవడం తప్ప వేరే దారి లేదు.

నెలకి 40, 50 మంది దాటితే ఈ దారి మానేయండి. ఓపిక చాలక కాదు, అంతకు మించితే కన్ను ప్రతి వరసనీ నిజంగా చూడలేదు.

రెండో దారి: పేషెంట్ రికార్డ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఎక్స్‌ట్రాక్ట్

రియో, సిస్టమ్‌వన్, కేర్‌నోట్స్ లాంటి సిస్టమ్‌లో నర్సులు, డాక్టర్లు రాసిందే డేటా. దానిలోంచి నేరుగా ఫైల్ తయారైతే మధ్యలో మన చెయ్యి పడదు, సున్నాలు పోవు. వెర్షన్ మారినప్పుడు ఎక్స్‌ట్రాక్ట్ మార్చే పని సప్లయర్‌ది. సెలవుల్లో కూడా ఎవరో ఒకరు బటన్ నొక్కితే ఫైల్ వస్తుంది. మధ్యస్థంగా ఉన్న సంస్థకి, ఇద్దరు ముగ్గురే ఉన్న ఇన్ఫర్మేషన్ టీముకి ఇది సహజంగా నప్పే దారి.

అయితే ఇది తీసుకుంటే పని మొత్తం సప్లయర్‌దే అనుకోవద్దు. మీ సంస్థలో టీముల పేర్లు, వార్డుల పేర్లు, రెఫరల్ ఎక్కడినుంచి వచ్చింది లాంటి స్థానిక జాబితాలు జాతీయ కోడ్‌లకి ముడిపడాలి. దాన్ని మ్యాపింగ్ అంటాం. ఆ మ్యాపింగ్ టేబుల్ మీది. ఏప్రిల్‌లో కొత్త క్రైసిస్ టీము పెట్టి దానికి టీమ్ టైప్ కోడ్ ఇవ్వకపోతే, ఎక్స్‌ట్రాక్ట్ ఎంత బాగున్నా ఆ టీము చూసినవాళ్ళంతా తప్పు గంపలో పడతారు. కొత్త టీము, కొత్త వార్డు వచ్చిన రోజే మీకు చెప్పే ఏర్పాటు ఒకటి ఉండాలి.

లోపల ఏ నియమంతో వరసలు తీస్తోందో మీకు కనబడకపోవడం రెండో ఇబ్బంది. రిజెక్ట్ అయిన వరస ఎందుకు అలా వచ్చిందో అడిగితే టికెట్ పెట్టమంటారు. జవాబు వచ్చేలోపు సబ్మిషన్ విండో (ఫైల్ తీసుకునే గడువు) మూసుకుపోవచ్చు. అందుకే ఒప్పందం రాసుకునేటప్పుడే ఒక మాట అడగండి: సబ్మిషన్ విండో రోజుల్లో మా టికెట్‌కి ఎన్ని గంటల్లో జవాబిస్తారు?

పూర్తిగా ఒకరి మీదే ఆధారపడితే ఏమవుతుందో 2022 ఆగస్టులో దేశమంతా చూసింది. కేర్‌నోట్స్ సప్లయర్ అయిన అడ్వాన్స్‌డ్ అనే కంపెనీ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగితే, కేర్‌నోట్స్ వాడే మెంటల్ హెల్త్ ట్రస్టుల్లో చాలాకాలం రికార్డులే తెరుచుకోలేదు. అలాంటప్పుడు డేటా ఫైల్ సంగతి ఎవరడుగుతారు? ఆ కాలానికి వచ్చిన జాతీయ లెక్కల్లో కూడా ఖాళీలు మిగిలాయి. దీనర్థం సప్లయర్ ఎక్స్‌ట్రాక్ట్ వద్దని కాదు. నెలనెలా పంపిన ఫైల్ కాపీ, మ్యాపింగ్ టేబుళ్ళు మీ దగ్గర, వేరే చోట, భద్రంగా ఉండాలని.

మూడో దారి: సొంత డేటా వేర్‌హౌస్, సొంత ఎస్‌క్యూఎల్

పెద్ద ట్రస్టులు ఎక్కువగా ఇటే వస్తాయి, ఎందుకంటే వాళ్ళకి ఒక సిస్టమ్ ఉండదు. పెద్దలకి ఒకటి, పిల్లల సర్వీసుకి ఒకటి, మామూలు ఆస్పత్రుల్లో మానసిక వైద్యం చూసే లియెజాన్ టీముకి ఇంకొకటి. అన్నీ కలిపి ఒక్క ఫైల్ కావాలి. అది మనమే కట్టుకోవాలి.

దీని గొప్పతనం ఏమిటంటే వాలిడేషన్‌ని మనం ముందుకు తెచ్చుకోవచ్చు. నెలాఖరు దాకా ఆగక్కర్లేదు. రోజూ రాత్రి ఫైల్ తయారు చేసి, గేటు దగ్గర అడిగే ప్రశ్నల్లో చాలావాటిని మనమే అడిగి, పొద్దున్నే ఆ జాబితా టీములకి పంపొచ్చు. నేను వాడే చెక్‌లలో ఎక్కువ పనికొచ్చినవి ఇవి.

అనాథ వరసలు: 201లో ఉన్న రెఫరల్ ఐడీ 101లో లేకపోవడం. మా దగ్గర ఒకసారి ఇవి వందల్లో వచ్చాయి. రెండు రోజులు వెతికితే తేలింది, ఒక సిస్టమ్‌లోంచి వచ్చిన ఐడీల చివర ఒక ఖాళీ స్పేస్ ఉంది. కంటికి కనబడదు, కంప్యూటర్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు ఐడీలు. లోడ్ చేసేటప్పుడే ట్రిమ్ చేయడంతో పోయింది.

మాయమైనవాళ్ళు: పోయిన నెల ఫైల్‌లో ఓపెన్‌గా ఉండి, ఈ నెల ఫైల్‌లో లేని, డిశ్చార్జ్ తేదీ కూడా లేని రెఫరల్స్.

టీము వారీ పోలిక: ఒక్కో టీముకి గత ఆరు నెలల కాంటాక్ట్‌ల సంఖ్య పక్కన ఈ నెలది. సగానికి పడిపోతే అది వాలిడేషన్‌లో ఏ కోడ్‌తోనూ రాదు. ఉన్న వరసలన్నీ సరైనవే, లేని వరసల గురించి గేటు అడగదు. ఇది మనం తప్ప ఎవరూ పట్టుకోలేరు.

ఇన్ని చేసినా ఈ దారికి ఒక పెద్ద బలహీనత ఉంది. రాసినవాళ్ళు వెళ్ళిపోతే మిగిలినవాళ్ళకి అది అడవిలా ఉంటుంది. వెర్షన్ మారిన ఏడాది కనీసం రెండు మూడు నెలలు ఒకరు దీనిమీదే కూర్చోవాలి. ఆ మనిషిని కేటాయించే పరిస్థితి లేకపోతే, ఎస్‌క్యూఎల్ మీకెంత బాగా వచ్చినా ఈ దారి పట్టకండి. మనవాళ్ళలో చాలామంది ఈ ఉత్సాహంలోనే పడతారు. రాయడం ఆరు వారాల్లో అయిపోతుంది, దాన్ని మోయడం ఏళ్ళ తరబడి.

నాలుగో దారి: ఇంకొకరితో పంపించడం

హెడర్‌లో సేవ చేసిన సంస్థ కోడ్, ఫైల్ పంపిన సంస్థ కోడ్ వేర్వేరుగా ఉంటాయన్నాను కదా. అంటే మీ తరఫున ఇంకో సంస్థ పంపొచ్చు. చిన్న చారిటీలకి, ట్రస్ట్‌తో కలిసి సర్వీసు నడిపేవాళ్ళకి ఉపయోగం. డేటా ప్రాసెసింగ్ ఒప్పందం రాతలో ఉండాలి, వాలిడేషన్ రిపోర్ట్ మీకు కూడా రావాలి. రిపోర్ట్ మీకు రాకపోతే ఈ దారి వద్దు. తప్పు ఎవరికీ కనబడని చోటికి పోతుంది.

నాలుగూ ఒక చోట

| చూసేది | చేత్తో యాక్సెస్ | సప్లయర్ ఎక్స్‌ట్రాక్ట్ | సొంత ఎస్‌క్యూఎల్ | ఇంకొకరి ద్వారా |
|---|---|---|---|---|
| నెలకి పేషెంట్లు | 50 లోపు | వందల నుంచి వేలు | వేలు, పలు సిస్టమ్‌లు | తక్కువ |
| తప్పు కనబడేది | నింపుతుండగానే | ఎక్స్‌ట్రాక్ట్ తీశాక | కావాలంటే రోజూ | రిపోర్ట్ వచ్చాక |
| వార్డ్ దగ్గరికి వెళ్ళడం | చాలా తేలిక | ఫర్వాలేదు | జాబితాలు పంపే ఏర్పాటు ఉంటే తేలిక | కష్టం |
| వెర్షన్ మారితే | కొత్త ఐడీబీ నేర్చుకోవాలి | సప్లయర్ మారుస్తారు, మ్యాపింగ్ మీది | అంతా మీదే | వాళ్ళది |
| ఒక్కరు సెలవు పెడితే | ఇబ్బంది | ఇబ్బంది లేదు | డాక్యుమెంట్ లేకపోతే చాలా ఇబ్బంది | ఇబ్బంది లేదు |
| ముఖ్యమైన ప్రమాదం | పేస్ట్ తప్పులు, మతిమరుపు | లోపల ఏముందో తెలియదు | మోసే మనిషి లేకపోవడం | రిపోర్ట్ మీదాకా రాకపోవడం |

ఫైల్‌ని ఐడీబీగా పంపాలా, ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా (ట్యాగులతో రాసిన టెక్స్ట్ ఫైల్) పంపాలా అని కూడా అడుగుతారు. చేత్తో చేసేవాళ్ళకి ఐడీబీ తప్ప ఆలోచన అక్కర్లేదు. సొంత ఎస్‌క్యూఎల్ ఉన్నవాళ్ళకి ఎక్స్‌ఎమ్‌ఎల్ మంచిది. స్కీమాతో (ఫైల్ ఎలా ఉండాలో చెప్పే నియమాలు) మన దగ్గరే సరిచూసుకోవచ్చు, యాక్సెస్ తెరవాల్సిన పనే ఉండదు. కాకపోతే రిజెక్ట్ అయిన ఒక వరసని వెతికి కంటితో చూడాలంటే యాక్సెస్‌లో ఉన్న సుఖం ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో లేదు. నేను రెండూ తీసి పెట్టుకుంటాను, ఒకటి పంపడానికి, ఒకటి చూసుకోవడానికి.

ముందే పంపాలా, చివరి రోజు పంపాలా

చివరి రోజు పంపితే నర్సులు ఆలస్యంగా రాసిన నోట్స్ కూడా కలుస్తాయని కొందరంటారు. నిజమే. కానీ విండో తెరిచినప్పుడే ఒకసారి పంపి, చివర్లో మళ్ళీ పంపడానికి అడ్డేమీ లేదు. గడువులోపు చివరిగా సరిగ్గా వెళ్ళిన ఫైలే లెక్కలోకి వస్తుంది. మొదటి ఫైల్‌తో వాలిడేషన్ రిపోర్ట్ వస్తుంది, డెడ్‌లైన్‌కి ముందు ఎస్‌డీసీఎస్ నుంచి ఎక్స్‌ట్రాక్ట్ (అక్కడికి చేరిన డేటా) కూడా తీసి చూసుకోవచ్చు, వారం రోజులు సరిచేసుకోవడానికి దొరుకుతాయి. ఒక్కసారే, చివరి సాయంత్రం పంపేవాళ్ళకి అది దొరకదు. అదే ఆర్థిక సంవత్సరంలోని పాత నెలలను మళ్ళీ పంపే వీలుంది కాబట్టి ఏప్రిల్‌లో జరిగిన తప్పు సెప్టెంబర్‌లో తెలిసినా వదిలేయకండి. ఏడాది ముగిసే దాకా సమయం ఉంది.

ఫైల్‌లో దిద్దాలా, మూలంలో దిద్దాలా

ఏ దారి ఎంచుకున్నా ఈ ప్రశ్న ప్రతి నెలా ఎదురవుతుంది. నిజానికి నాకు అన్నిటికంటే ముఖ్యమైన ఎంపిక ఇదే.

సెక్షన్ 2 కింద ఒక మనిషిని 28 రోజులకి మించి ఉంచకూడదు. ఒక నెల మా చెక్‌లో ఒక పేషెంట్‌కి 41 రోజులు అని వచ్చింది. ఫైల్‌లో ముగింపు తేదీ 28వ రోజుకి మార్చేస్తే వార్నింగ్ పోయేది, రెండు నిమిషాల పని. నేను వార్డ్‌కి ఫోన్ చేశాను. వార్డ్ క్లర్క్ ఫోల్డర్ తెరిచి చూసి చెప్పింది: 26వ రోజున సెక్షన్ 3కి మార్చారు, కాగితం మీద ఉంది, సిస్టమ్‌లో ఎక్కించలేదు. ఫైల్‌లో 28 అని దిద్ది ఉంటే లెక్క శుభ్రంగా కనబడేది, ఆ పేషెంట్ ఇన్‌ఫార్మల్‌గా, తన ఇష్టంతో ఉన్నాడని దేశానికి చెప్పినట్టయ్యేది. సిస్టమ్‌లోనే సరిచేశారు. సెక్షన్ ముగిసే తేదీకి వచ్చే రిమైండర్ కూడా దాంతో సరైంది. ఫైల్‌లో దిద్దితే మన స్కోరు బాగుపడుతుంది. మూలంలో దిద్దితే పేషెంట్ హక్కు కూడా బాగుపడుతుంది.

ఇంకోటి ఎథ్నిక్ కేటగిరీ. ఇండియన్‌కి కోడ్ హెచ్ అక్షరం. చెప్పడానికి ఇష్టపడకపోతే జెడ్, తెలియకపోతే 99. 99 పెడితే ఖాళీగా కనబడదు కాబట్టి కొన్నిచోట్ల ఎక్స్‌ట్రాక్ట్‌లోనే ఖాళీలన్నిటినీ 99గా మార్చేస్తారు. దయచేసి అది చేయకండి. లెస్టర్‌లోనో, హ్యారోలోనో డిప్రెషన్‌తో సర్వీసుకి వచ్చిన మన ఆడపడుచు ఆ 99లో కలిసిపోతుంది. మనవాళ్ళకి ఆ సర్వీసు అందుతోందా లేదా అన్నది ఎవరికీ తెలియకుండా పోతుంది. ఖాళీల జాబితా టీముకి పంపండి, తర్వాతి అపాయింట్‌మెంట్‌లో అడగమనండి. రెండు నెలల్లో ఎక్కువభాగం నిండుతాయి.

ఫైల్‌లో దిద్దడం సరైన సందర్భాలూ ఉన్నాయి. స్పేస్‌లు, తేదీ ఫార్మాట్, ముందు సున్నాలు లాంటివి మెషీన్ తప్పులు. వాటికి నర్సుని ఇబ్బంది పెట్టక్కర్లేదు. నేను పెట్టుకున్న గీత ఇదే: అర్థం మారని తప్పు ఫైల్‌లో దిద్దొచ్చు, అర్థం మారే తప్పు మూలంలోనే.

మరి మీకు ఏది?

చిన్న ప్రైవేట్ హాస్పిటల్, అంతా ఇన్‌పేషెంట్లే, మీరొక్కరే: చేత్తో యాక్సెస్. కానీ ఇంకొకరికి నేర్పండి. వార్డ్ మేనేజర్ అయినా ఫర్వాలేదు, ఫైల్ అప్‌లోడ్ చేయడం, రిపోర్ట్ చదవడం వచ్చి ఉండాలి.

ఒకే పేషెంట్ సిస్టమ్ ఉన్న మధ్యస్థ సంస్థ: సప్లయర్ ఎక్స్‌ట్రాక్ట్. దానిమీద మీ సొంత చెక్‌లు నాలుగైదు రాసుకోండి. అనాథలు, మాయమైనవాళ్ళు, టీము వారీ పోలిక తప్పనిసరి. మీ ఎస్‌క్యూఎల్ ఉత్సాహమంతా ఇక్కడ పెట్టండి, వృథా పోదు.

రెండు మూడు సిస్టమ్‌లున్న పెద్ద ట్రస్ట్, టీములో కనీసం ఇద్దరికి ఈ పని వచ్చు: సొంతంగా కట్టుకోండి. ఒక్కరికే వస్తే, రెండో మనిషి వచ్చేదాకా సప్లయర్ ఎక్స్‌ట్రాక్ట్‌లను కలిపే పని వరకే పెట్టుకోండి.

ఇక ఈ నెలే పని చేతికొచ్చి, ఎవరూ ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయినవాళ్ళకి: ఇప్పుడే పద్ధతి మార్చకండి. ఉన్న పద్ధతితోనే ఈ నెల ఫైల్ విండో మొదట్లో పంపండి. పోయిన మూడు నెలల వాలిడేషన్ రిపోర్ట్‌లు వెతికి తీయండి. వాటిలో 001 టేబుల్ రిజెక్షన్లు వేరు చేసి, ఒక్కో వరసకి ఎదురుగా అది ఏ వార్డ్, ఏ టీము అని రాసుకోండి. ఆ జాబితా పట్టుకుని రేపు పొద్దున్న అందులో ఎక్కువసార్లు కనిపించిన వార్డ్‌కి వెళ్ళండి.